నీళ్ళ గదుల పక్కన

ఫిబ్రవరి 9

అక్కా,

క్షేమమని రాయను. ఇక్కడ క్షేమంగా ఉన్నది మా మేస్త్రి ఒక్కడే. ఫోను ఉండగా వీడు కాగితం ఎందుకు పట్టుకున్నాడు అనుకుంటావు. ఫోన్లో అయితే రెండో మాటకే నేను అరుస్తాను, మూడో మాటకి నువ్వు "తర్వాత మాట్లాడదాంరా" అని పెట్టేస్తావు. కాగితం మీద ఎంత అరిచినా నీ చెవికి నొప్పి ఉండదు. పైగా ఈ కవర్లో నా తలకాయ ఫిల్ము పంపిస్తున్నాను.

విషయం ఇది. నా వెల్డింగ్ మిషన్ కరెంటు కొడుతోంది. పని మొదలుపెట్టే ముందు మేం తలని ఒక్కసారి కిందికి ఊపుతాం. నెత్తి మీదున్న మాస్కు టక్కున మొహం మీదకి దిగుతుంది. చేతులు రెండూ ఖాళీగా ఉండవు కాబట్టి అదే పద్ధతి. నేను తల ఊపిన ప్రతిసారీ మెడ దగ్గర మొదలై వెన్ను మీదుగా కాళ్ళదాకా జివ్వుమని పాకుతోంది. తల ఎత్తితే పోతుంది. ఎర్తింగ్ సరిగ్గా లేదు చూడరా అని మా ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను. వాడు టెస్టర్ పెట్టి చూసి, "మిషన్‌లో ఏం లేదు, ఉంటే నీలోనే ఉంది" అన్నాడు. ఆ రోజు నుంచి వాడికీ నాకూ మాటల్లేవు.

రెండోది కుడి కన్ను. మబ్బు పట్టినట్టుంది. ఎడమ కంటికి ఎర్రగా కనపడేది ఆ కంటికి ఎండకి వెలిసిన గుడ్డలా కనపడుతోంది. షెడ్డులో వేడెక్కితే ఇంకా మసక. ఫ్యాను కింద కాసేపు కూర్చుంటే తేరుకుంటుంది. దీని మీద మేస్త్రి అందరి ముందూ ఏమన్నాడో విను. "పనిని చూస్తే కన్ను పోతుందట, ఫ్యాను చూస్తే కన్ను వస్తుందట. ఆ రోగమేదో నాక్కూడా ఇప్పించరా." అందరూ నవ్వారు. నా గదిలో నా పక్క మంచం మీద పడుకునే పొడుగోడు కూడా నవ్వాడు. అడుగు కూడా కొంచెం తూలుతోంది నాకు. దానికి ఇంకో జోకు, "పొద్దున్నే వేసుకొచ్చాడు" అని. నేను ముట్టనని వాళ్ళకి తెలుసు, అయినా అంటారు.

నవ్వుకోనీ. కానీ వచ్చే నెల పైపు వెల్డర్ల టెస్టు ఉంది. అది దాటితే పైపు పని నాది. దాటకపోతే జీవితాంతం గేట్లూ కిటికీ ఊచలూ. ఏళ్ళ తరబడి ఒకరి పక్కన నిలబడి, తిట్లు తిని, దొంగచూపులు చూసి నేర్చుకున్న పని అక్కా ఇది. నాకు ఏ బడీ నేర్పలేదు.

కళ్ళ డాక్టరు స్కాన్ రాశాడు. రిపోర్టులో ఒకే ఒక్క వాక్యం, "కళ్ళలో చెప్పుకోదగ్గదేమీ లేదు" అని. నేను ఒప్పుకోలేదు. మేం వేసిన జాయింటుకి కూడా ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫిల్ము ఎలా చదవాలో ఇన్‌స్పెక్టరు వెనక నిలబడి నేర్చుకున్నాను. మా ఫిల్ములో నల్ల చుక్క తప్పు. తల ఫిల్ములో తెల్ల మచ్చ తప్పని చదివాను. గదిలో ట్యూబులైటుకి అడ్డం పెట్టి చూశాను. మధ్యలో ఇంతింత తెలుపు! సీతాకోకచిలుక రెక్కలంత. వాళ్ళకి కనపడలేదంటే వాళ్ళవి కళ్ళా? అన్నిటికీ పసుపు మార్కరుతో సున్నాలు చుట్టాను. రోజూ స్కాన్ మిషన్ నడిపేదానివి నువ్వు. చూసి ఉన్నదున్నట్టు చెప్పు.

బావని అడిగానని చెప్పు. అడగలేదనుకో, అయినా చెప్పు.

ఇట్లు,
కరెంటు తింటున్న నీ తమ్ముడు


ఫిబ్రవరి 17

ఒరేయ్ నిప్పుకోడీ,

ఫిల్ము అందింది. దాన్ని చూసి మీ బావ, "మీవాడు బుర్రలో ప్లాట్లు వేసి అమ్ముతున్నాడా? కార్నరు బిట్టు ఏమైనా ఉందేమో కనుక్కో" అన్నారు. నువ్వు అడగలేదని ఆయనకి తెలుసు, అయినా తనూ నిన్ను అడిగానని చెప్పమన్నారు.

ఫిల్ము మీద మార్కరుతో గీస్తారట్రా ఎవరైనా? స్పిరిటుతో తుడిచేసరికి నా ప్రాణం పోయింది.

ముందొకటి చెప్పు. నిన్ను ఆ మిషన్‌లోకి పంపేముందు, కళ్ళలో ఎప్పుడైనా ఇనప రవ్వలు పడ్డాయా అని ఎవరైనా అడిగారా? అది ఊరికే ఫొటో తీసే పెట్టె కాదు. పేద్ద అయస్కాంతం. మొన్న ఒకాయన జేబులో తాళాల గుత్తి మర్చిపోయి వచ్చాడు. గుమ్మం దాటకముందే నేను చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను, నన్ను రౌడీ ఆడదన్నాడు. కంట్లో రవ్వ మిగిలి ఉంటే అది తాళాల గుత్తిలా జేబులోంచి రాదు. ఈసారి ఎక్కడ స్కాన్ తీసినా నువ్వు చేసే పనేమిటో నువ్వే ముందు చెప్పాలి.

ఇక నీ సున్నాల సంగతి. మధ్యలో సీతాకోకచిలుకలా ఉన్నది రోగం కాదురా. అవి నీళ్ళ గదులు. మెదడు మధ్యలో అందరికీ ఉంటాయి, నాకూ ఉంటాయి, మీ మేస్త్రికి ఇంకాస్త పెద్దవి ఉంటాయేమో. నువ్వు తీయించుకున్న రకంలో నీరంతా తెల్లగా పడుతుంది. నువ్వు గీసిన చోట ఏమీ లేదు.

ఒకసారి మాత్రం నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళిరా. ఊరికే. ఇంకో స్కాన్ తీయమంటే తీయించుకో. ఆలస్యం చేయకు.

ఇక్కడ ఏసీ పాడై మిషన్ వేడెక్కుతోందని ఒక పూట పని ఆపేశారు. మనుషులు వేడెక్కితే మాత్రం ఎవరూ ఆపరు. వేళకి తిను.

నీ అక్క


ఫిబ్రవరి 25

అక్కా,

ఏమీ లేదన్నమాట. బతికించావు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మేస్త్రి ముందు నిలబడ్డాను. "మా అక్క స్కాన్ సెంటర్లో పని చేస్తుంది, నా బుర్ర శుభ్రంగా ఉందని రాసింది. నాలో ఏమీ లేదంటే మిషన్‌లోనే ఉందన్నట్టు" అన్నాను. పై ఆఫీసుకి కాగితం కూడా పెట్టాను, ఎర్తింగ్ చూడకుండానే చూశానని ఎలక్ట్రీషియన్ అబద్ధం చెప్పాడని. వాణ్ణి పిలిచి గట్టిగా చివాట్లేసి, షెడ్డు పని తీసేసి వెనక గోడౌన్‌లో పడేశారు. నాకు కొత్త మిషన్ ఇచ్చారు. అదీ కొడుతోంది. ఈ కంపెనీలో అన్నీ చెత్తే.

రవ్వల గురించి నన్నెవరూ అడగలేదు. ఒకమ్మాయి కాగితం ఇచ్చి సంతకం పెట్టమంది, పెట్టాను. రవ్వలు పడని వెల్డర్ని ఒక్కణ్ణి చూపించు. పడతాయి, పొడుగోడు గుడ్డ కొసతో తీస్తాడు, అయిపోతుంది.

ఒక్క మాట మాత్రం కడుపులో పెట్టుకోలేను. ఏమీ లేదని రాసి, కింద లైనులోనే నరాల డాక్టరు దగ్గరికి పొమ్మంటావా? ఏమీ లేని వాణ్ణి నరాల డాక్టరు దగ్గరికి పంపితే దానర్థమేంటో నాకు తెలియదా? నువ్వు కూడా మేస్త్రి పార్టీయే. వీడు కల్పించుకుంటున్నాడు, వీడికి మెదడులో కాదు మనసులో లోపం అని. నేరుగా రాయొచ్చు కదా. మీరు చదువుకున్నవాళ్ళు తిట్టినా జోకొట్టినట్టే ఉంటుంది.

కుడి కాలి మడమ తిమ్మిరెక్కి దిగట్లేదు. చెప్పు జారిపోయినా తెలియట్లేదు. కల్పించుకుంటున్నానేమో చూసి చెప్పు.

ఇట్లు,
పిచ్చోడు


మార్చి 4

తమ్ముడూ,

నిన్ను పిచ్చోడని ఎవరన్నార్రా? నరాల డాక్టరంటే మెదడూ వెన్నూ నరాలూ చూసేవాడు. మనసుకి మందిచ్చేవాడు వేరే బోర్డు కింద కూర్చుంటాడు. ఆ బోర్డు కిందకి వెళ్ళినా తప్పేం లేదనుకో, కానీ నేను పంపింది అక్కడికి కాదు.

నీ ఉత్తరం చదివి మీ బావ దాన్ని మడిచి కవర్లో పెట్టేశారు. ఆ తర్వాత, "ఆ ఎలక్ట్రీషియన్ ఎవడో పాపం" అన్నారు. ఎవరిని అడిగి కాగితం పెట్టావు? నా పేరు చెప్పి, నేను రాయని మాట రాశానని చెప్పి, ఒక మనిషి పొట్ట మీద కొట్టావు. నా ఉత్తరం మళ్ళీ తీసి చదువు. నువ్వు గీసిన చోట ఏమీ లేదన్నాను. నీకు ఏమీ లేదనలేదు.

అంతకంటే నన్ను అడగకు. మా స్కాన్ గదిలో ఒక రూలు ఉంది. ఫిల్ము తీసేవాళ్ళు తీయాలి, చదివేవాళ్ళు చదవాలి, చెప్పేవాళ్ళు చెప్పాలి. స్కాన్ అయ్యి బయటికొచ్చిన ప్రతి మనిషీ మొదట నా మొహమే చూస్తాడు. నేను కళ్ళు దించితే ఒక అర్థం, నవ్వితే ఒక అర్థం. అందుకే ఏ అర్థమూ లేకుండా మొహం పెట్టుకోవడం మాకు మొదట నేర్పే పని. "డాక్టరుగారు చెప్తారండీ" అనే ఒక్క మాటే మాది.

నా మీద కేకలేసేముందు ఒక పని చెయ్. సెలవు రోజున, షెడ్డుకి దూరంగా, మీ గదిలో మంచం మీద కూర్చో. మిషన్ సంగతి దేవుడెరుగు, ఫ్యాను స్విచ్చు కూడా ముట్టుకోకు. మాస్కు పడేసేటప్పుడు ఊపినట్టే తల ఊపు. గడ్డం ఛాతీకి ఆననీ. ఏం జరిగిందో రాయి.

నీ అక్క


మార్చి 13

అక్కా,

ఊపాను.

వచ్చింది. చెక్క మంచం, ప్లాస్టిక్ చాప, కరెంటు కూడా పోయి ఉంది ఆ టైముకి. మెడ నుంచి మడమ దాకా అదే జివ్వు. మళ్ళీ ఊపాను. మళ్ళీ. పొడుగోడు టవలు మడత పెడుతున్నవాడు ఆగిపోయి, "ఎవరికిరా అన్ని దణ్ణాలు పెడుతున్నావు?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఎలక్ట్రీషియన్ గోడౌన్‌లో పాత వైర్లు ఊడదీస్తున్నాడు. వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఏమని చెప్పాలో తెలియక తిరిగొచ్చేశాను. వాడు చూశాడు కూడా.

టెస్టు అయిపోయింది. పైపు దగ్గర కూర్చున్నాను, తల ఊపాను, జివ్వుమంది, చెయ్యి ఎగిరింది. మొదలుపెట్టిన చోటే లోహం చిల్లులు పడింది. పైన నునుపుగా రుద్ది కప్పేయొచ్చు, కానీ ఎక్స్‌రేకి దొరక్కుండా పోదు. మర్నాడు ఇన్‌స్పెక్టరు నన్ను లైటు పెట్టె దగ్గరికి పిలిచి, చుక్కల చుట్టూ సున్నా చుట్టి, "ఇదిగో తప్పు, ఇక్కడుంది, ఇంత లోతుంది, పాసవ్వలేదు" అన్నాడు. నా మొహంలోకి చూసి చెప్పాడు. గుండె పగిలింది, కానీ ఆయన మీద కోపం రాలేదు. నాలుగు ముక్కలు. ఇనప పైపుకి దొరికే మర్యాద అది. నీ తమ్ముడికి దొరకలేదు.

నీ మాట విని నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. సుత్తితో మోకాలి మీద కొట్టాడు, పుల్లతో అరికాలు గీశాడు, పుర్రె లోపల చూడాలి, మెడ కూడా చూడాలి అని మళ్ళీ స్కాన్ రాశాడు. స్కాన్ దగ్గరికి వెళ్ళి నువ్వు చెప్పినట్టే నిజం చెప్పాను, "వెల్డర్ని, కంట్లో రవ్వలు పడుతుంటాయి" అని. అంతే. బయటికి పొమ్మన్నారు. ముందు కళ్ళకి ఎక్స్‌రే తీయించుకుని, రవ్వ ఏదీ లేదని కాగితం తెమ్మన్నారు. ఎక్స్‌రే వాడు డాక్టరు చీటీ లేకుండా తీయనన్నాడు. చీటీకి వెళితే డాక్టరు ఆ రోజు రాడు. నిజం చెప్పనప్పుడు లోపలికి పంపారు, చెబితే గెంటారు. ఇదేం లెక్క?

ఇప్పుడు నువ్వు చెప్పు. తల ఊపి చూడమని నీకెలా తోచింది? ఊరికే తోచదు. నా ఫిల్ములో నువ్వేదో చూశావు. నేను గీయని చోట. ఏం చూశావు?

దీనికి జవాబు రాస్తేనే ఉత్తరం రాయి.


మార్చి 19

తమ్ముడూ,

నువ్వు సంతకం పెట్టకుండా రాసిన మొదటి ఉత్తరం ఇది.

నీ ఫిల్మును మా దగ్గర రిపోర్టులు రాసే డాక్టరమ్మకి చూపించాను. ఎవరిదని చెప్పలేదు. ఆవిడ చూసి, "ఇది కళ్ళ కోసం తీసింది, మెదడుని ఊరికే ఒక చుట్టు చుట్టి వదిలేశారు. ముక్కలు మందంగా ఉన్నాయి. దీన్ని పట్టుకుని ఏం చెప్పినా గాల్లో రాయి వేసినట్టే, మళ్ళీ సరిగ్గా తీయించు" అన్నారు. ఆవిడ కూడా అంతకుమించి చెప్పలేదు. నేనెలా చెప్తాను?

ఇక్కడికి వచ్చెయ్. మీ నరాల డాక్టరు చీటీ తీసుకునిరా. కళ్ళకి ఎక్స్‌రే ఇక్కడే వరండాకి అవతలి గదిలో తీయిస్తాను, ఎవరూ గెంటరు. ఎలా తీస్తామో ముందే చెప్తున్నా, లేకపోతే లోపల కంగారు పడతావు. మొదట నువ్వు చూసిన రకమే తీస్తాం, నీరు తెల్లగా పడేది. తర్వాత అదే తలని ఇంకో పద్ధతిలో తీస్తాం. అందులో నీళ్ళ గదులు నల్లబడిపోతాయి. తెల్లటి గోడ మీద తెల్ల మరక కనపడదు కదా, గోడని నల్లగా చేస్తే మరక తనంతట తనే బయటపడుతుంది. అడ్డంగానే కాదు, పక్క నుంచి కూడా, రొట్టె కోసినట్టు పల్చటి ముక్కలుగా ఫొటోలు తీస్తాం. చివర చేతి నరానికి ఒక మందు ఎక్కించి మళ్ళీ తీస్తాం. మచ్చలంటూ ఉంటే, కొత్తగా వాచినవి ఆ మందుని పీల్చుకుని వెలుగుతాయి, పాతవి వెలగవు. అయ్యాక మెడ. చాలాసేపు పడుతుంది, చప్పుడు మీ షెడ్డుకి తీసిపోదు. నీకు నిద్ర పట్టినా ఆశ్చర్యం లేదు.

ఆ రోజు నా డ్యూటీయే వేయించుకుంటాను. మీ బావ స్టేషన్‌కి వస్తారు. ఆయనతో దారిలో గొడవ పెట్టుకోకు, ఆయన ఏ పార్టీ కాదు.

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

మీ ఊరి నుంచి చెప్పకుండా వచ్చేశానని బావ ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఎత్తలేదు. ఆయన మీద కోపం లేదని చెప్పు.

నీ మీద ఉంది. ఎందుకో రాస్తాను.

ఎక్స్‌రే బాగానే అయింది, కళ్ళలో ఇనుము లేదన్నారు. నువ్వు నా చెవుల్లో దూది పెట్టావు, తలకి బోను లాంటిది బిగించావు, భయమేస్తే పిసకమని చేతిలో బంతి పెట్టావు. అప్పటిదాకా నువ్వు అక్కవే. అద్దం వెనక్కి వెళ్ళావు. మైకులోంచి మాట వచ్చింది. "కదలకండి. ఇప్పుడు కొంచెం పెద్ద చప్పుడు వస్తుంది. మీరు బాగా చేస్తున్నారు."

మీరు.

పుట్టిన దగ్గర్నుంచీ నన్ను ఒరేయ్ అన్నదానివి. కోపంలో ఇంకా చాలా అన్నావు, చీపురు తిరగేశావు. మీరు అని ఎప్పుడూ అనలేదు. ఆ గొట్టంలో పడుకుని, ముక్కు మీద దురద పుడుతుంటే కదలకుండా, నేను ఎవరిని, ఈ గొంతు ఎవరిది అనుకుంటూ ఉన్నాను. మధ్యలో ఒకసారి చప్పుళ్ళ మధ్య సందు చాలా ఎక్కువైంది. అప్పుడు మళ్ళీ వచ్చింది, "బాగా చేశారు. ఇంకొక్కటే." గొంతులో ఒణుకు కూడా లేదు. మా మేస్త్రి గొంతులో కూడా ఏదో ఒకటి ఉంటుంది, కనీసం వెటకారం.

బయటికి లాగావు. నేను నీ మొహం చూశాను. కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. "ఏముందే?" అన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా? "డాక్టరుగారు చెప్తారు." అండీ ఒక్కటి తక్కువ.

అప్పుడే లేచి చొక్కా వేసుకుని వచ్చేశాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఏమీ లేకపోతే నువ్వు నవ్వేదానివి. నవ్వకపోతే తిట్టేదానివి, ఇంత హడావుడి చేశావేంట్రా అని. రెండూ లేవు. మొహం మూసేశావంటే ఉంది.

ఉన్నదేంటో నాకు తెలియాలి. డాక్టరు నోటి నుంచి కాదు. ఆయన దగ్గరికి తర్వాత వెళ్తాను. ముందు నువ్వు చెప్పు. చెప్పేదాకా ఏ మందూ తీసుకోను. ఇది బెదిరింపు అనుకో, ఏమైనా అనుకో. నిన్న మెట్లు దిగుతూ పడ్డాను. పొడుగోడు ఈసారి నవ్వలేదు.

తమ్ముడు


ఏప్రిల్ 5

ఒరేయ్,

పడ్డావని చదివి, డ్యూటీ డ్రస్సులోనే కూర్చుని రాస్తున్నాను. రిపోర్టు సంతకమై వచ్చింది. నీ నరాల డాక్టరుకి పంపించారు. అందులో ఉన్నది చెప్తాను, మీ ఇన్‌స్పెక్టరులాగే చెప్తాను. మధ్యలో ఆపకు.

ఇదిగో తప్పు. నీళ్ళ గదుల పక్కన, గది గోడని ఆనుకుని, నిలువుగా లేచి నిలబడినట్టు మచ్చలున్నాయి. ఒకటి కాదు, చాలా. కొన్ని పాతవి. రెండు మందు పీల్చుకుని వెలిగాయి, అంటే ఇప్పుడే వాస్తున్నవి. మెడ దగ్గర వెన్నుపాములో ఒకటుంది. నువ్వు తల ఊపితే జివ్వుమనేది అక్కడ. కుడి కంటి వెనక నరం కూడా వాచింది.

జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని రాశారు. నరాల మీద వైరుకి ఉన్నట్టే ఒక తొడుగు ఉంటుంది. నీ ఒంట్లోని కాపలావాళ్ళే శత్రువనుకుని ఆ తొడుగుని కొరుకుతున్నారు. ఊడిన చోట కబురు సరిగ్గా పోదు. వేడెక్కితే ఇంకా పోదు, అందుకే షెడ్డులో కన్ను మసక, ఫ్యాను కింద తేట. నువ్వు కల్పించుకోలేదు. సోమరివి కాదు, తాగుబోతువి కాదు. నీ మాట అక్షరం అక్షరం నిజం, మిషన్ సంగతి తప్ప.

ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు. కానీ ఇప్పుడు వాచినదాన్ని సెలైన్‌లో మందు ఎక్కించి తగ్గిస్తారు, మళ్ళీ మళ్ళీ రాకుండా వాడే మందులు ఉన్నాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మిగులుతుంది. అంటే నాతో పంతం పట్టుకుని నువ్వు పోగొట్టుకునే ప్రతి రోజూ నీదే, నాది కాదు.

ఫిబ్రవరిలో చూశావా అని అడుగుతావు. చూశాను. నువ్వు గీసిన సున్నా అంచు దాటి, ఆవగింజంత తెలుపు. నీ మార్కరు సగం దాని మీదకి కూడా వెళ్ళింది, నీకు తెలియదు. అలాంటివి వేరే కారణాలకీ వస్తాయి, ఆ మందపు ముక్క మీద చెప్పలేం. తప్పుగా చెబితే నువ్వు ఆ పేరు పట్టుకుని ఫోన్లో చదివి చదివి నిద్ర మానేస్తావు. ఇదంతా నిజమే. కానీ సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఫిల్ము లైటుకి పెట్టగానే నా మొహం దానంతటదే మూసుకుంటుంది. మా ఇంటి వంటగదిలో, ఒంటరిగా, ఎవరూ చూడకపోయినా మూసుకుంది. ఉత్తరం కూడా ఆ మొహంతోనే రాశాను.

ఇక ఆ మీరు. చప్పుళ్ళ మధ్య సందు ఎక్కువైందన్నావు చూడు, అప్పుడు తెర మీద నీ బొమ్మలు వస్తున్నాయి. నేను మైకు మీద వేలు పెట్టి తీశాను, పెట్టి తీశాను. ఒరేయ్ అని మొదలుపెట్టి ఉంటే తర్వాతి మాట నా నోట్లోంచి వచ్చేది కాదు. నా గొంతు విని నువ్వు కదిలేవాడివి. స్కాన్ మొత్తం పాడయ్యేది. మీరు అంటేనే నేను పూర్తి చేయగలిగాను.

ఇది అందిన మర్నాడు పొద్దున డాక్టరు గది తెరిచేసరికి నువ్వు గుమ్మం ముందు ఉండాలి. పొడుగోణ్ణి తోడు తీసుకెళ్ళు. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోనీ, పరువేం పోదు.

అక్క


ఏప్రిల్ 28

అక్కా,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. పొడుగోణ్ణి కేకేసి, రేపు తోడు రమ్మన్నాను. మర్నాడు వెళ్ళాను. సెలైన్లు ఎక్కాయి. నోరంతా తుప్పు నాకినట్టుంది, రాత్రిళ్ళు నిద్ర లేదు, ఆకలి మాత్రం రాక్షసాకలి. కన్ను చాలావరకు తేటపడింది. ఎరుపు ఇంకా పూర్తిగా ఎరుపు కాలేదు. మడమ తిమ్మిరి అలాగే ఉంది. నెలనెలా వాడాల్సిన మందు గురించి డాక్టరు చెప్పాడు. వెన్నులోంచి నీరు తీసి ఇంకో పరీక్ష చేశాడు. మచ్చలు పెరిగాయో లేదో చూడ్డానికి కొన్నాళ్ళకి మళ్ళీ స్కాన్ అన్నాడు, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ తీయిస్తూనే ఉండాలట. అంటే ఆ గొట్టంతో నాకు చుట్టరికం కలిసింది.

మేస్త్రికి ఫిల్ము తీసుకెళ్ళి కిటికీకి ఆనించి, నువ్వు చెప్పిన చోట వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూసి, "ఏదిరా? ఈ నలకా? దీనికా ఇంత?" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం. పైపు పని లేదు, వేడి దగ్గర పని లేదు, సామాన్ల గదిలో కూర్చోబెట్టాడు. రోజంతా నట్లూ బోల్టులూ అడిగినవాడికి అందిస్తున్నాను. కోపంతో పళ్ళు అరిగిపోతున్నాయి. టెస్టు మళ్ళీ పెట్టినప్పుడు కూర్చుంటానని చెప్పాను. నవ్వాడు. నవ్వనీ, కూర్చుంటాను. తల ఊపకుండా చేత్తో మాస్కు దించుకోవడం సాయంత్రాలు ప్రాక్టీసు చేస్తున్నాను. ఒక చెయ్యి చాలట్లేదు, చాలేలా చేస్తాను.

ఎలక్ట్రీషియన్ దగ్గరికి ఈసారి గుమ్మం దాటి లోపలికి వెళ్ళాను. తప్పు నాదని చెప్పాను. పై ఆఫీసుకి ఇంకో కాగితం పెట్టానని కూడా చెప్పాను. వాడు వైరు చుట్టుకుంటూనే, "వాళ్ళు చదివినప్పుడు చూద్దాంలే" అన్నాడు. అంతే. మళ్ళీ షెడ్డులోకి రాలేదు వాడు. నేను చేసిన పనే అది, ఎన్ని కాగితాలు పెట్టినా.

నీ మీద కోపం పోయిందా అంటే పోలేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నా తొడుగు ఎంత ఊడిందో నాకు తెలియదు, నీకూ తెలియదు. ఆ ఆవగింజ గురించి మొదటి ఉత్తరంలోనే, "అనుమానంగా ఉందిరా, చెప్పలేను, భయంగా ఉంది, పరిగెత్తు" అని రాసుంటే పరిగెత్తేవాణ్ణి. ఊరికే వెళ్ళిరా అన్నావు. ఊరికే వెళ్ళడానికి నాకు సెలవు దొరకదు అక్కా. ఇది అనకపోతే నాకు అన్నం సహించదు కాబట్టి అన్నాను.

స్కాన్ సంగతి ఒకటి తేల్చుకుందాం. ఈసారి కూడా మీ దగ్గరికే వస్తాను. కానీ మిషన్ నువ్వు నడపకు. ఆ రోజు సెలవు పెట్టు. మీ గదిలో ఇంకెవరో ఉంటారు కదా, వాళ్ళు నడుపుతారు, వాళ్ళు నన్ను ఎన్ని మీరులైనా అనుకోనీ, నేను చచ్చినా కదలను. నువ్వు బయట వరండాలో బెంచీ మీద కూర్చో. నా చెప్పులూ చొక్కా ఒళ్ళో పెట్టుకుని, మిగతా వాళ్ళ అక్కలూ అమ్మలూ కూర్చున్నట్టు. తలుపు తెరుచుకున్నప్పుడు, వాళ్ళు నాకేమీ చెప్పకపోయినా పర్లేదు. నువ్వు ఏడవాలనిపిస్తే ఏడువు, తిట్టాలనిపిస్తే తిట్టు. ఆ బెంచీ మీద మొహానికి ఏ రూలూ లేదు.

బావకి చెప్పు, స్టేషన్‌కి రమ్మని. ఈసారి నిజంగానే అడిగాను.

నీ తమ్ముడు